తల తడపని స్నానం

కృష్ణవేణమ్మది మా ఎదురిల్లు. కోయిలకుంట్ల బస్టాండు వెనక, సంజామల రోడ్డులో కలిసే సందులో మా ఇళ్లు. ఊరవతల ఆమెకు నల్లరేగడి చేను ఉంది. శనగ వేస్తుంది, ఒక్కో ఏడు జొన్న. కూలీలను పిలిచేదీ, పంటను బేరం చేసేదీ ఆమే. భర్త ఓబుళేశు బస్సు కండక్టరు కావడంతో పెళ్లయిన కొత్తనుంచీ సేద్యం ఆమె చేతిమీదుగానే నడిచింది.

ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు దారిలో ఒక పల్లె. ఓబుళేశు డ్యూటీ ఎక్కువగా నంద్యాల, జమ్మలమడుగు బస్సు మీద పడేది. అత్తగారి ఊరు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి చెయ్యి చాపేవాడు. బావమరిది అక్కడ కాచుకుని ఉండి ఏదో ఒక మూట అందించేవాడు. ఉలవలో, చింతకాయ తొక్కో, ఏమీ లేకపోతే ఒక కబురో. సాయంత్రానికి అది కృష్ణవేణమ్మ చేతికి వచ్చేది. "పుట్టింటి మీద బెంగ పెట్టుకోనీకి నాకు సందే ఇయ్యలేదు ఆ మనిషి" అని ఆమె నాతో చాలాసార్లు అనింది.

అలాంటి మనిషి మారిపోయాడు. ఫలానా రోజున అని పట్టుకోగలిగే మార్పు కాదు గాని, ఊరికి తెలిసింది మాత్రం బావమరిది చనిపోయిన రోజునే. శవం ఇంకా వాకిట్లోనే ఉంది. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఓబుళేశు గోడకానుకుని కూర్చుని చుట్టూ చూసి, నవ్వుతూ, అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"ఇంకా ఎంతసేపప్పా? ఆకలైతాండాది. బొరుగులన్నా తెప్పియ్యండి."

ఎన్నో ఏళ్లు కిటికీలోంచి మూట అందించిన బావమరిది అతను. కృష్ణవేణమ్మ ఏడుపు ఆపేసి భర్త వైపు చూసింది. ఆయన మొహంలో దుఃఖం లేదు, సిగ్గూ లేదు. ఆకలి మాత్రమే ఉంది. ఆ రోజు పుట్టింటివాళ్ల ముందు తల ఎత్తలేకపోయానని, సిగ్గుతో దహించుకుపోయానని ఆమె తర్వాత చెప్పింది.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పక్కింటివాళ్ల విస్తట్లోంచి తీపి ఎత్తుకుని తినడం. బస్సులో ముసలామెను కసిరి దింపెయ్యడం. డిపోలో మందలింపులయ్యాయి, చివరికి ఉద్యోగం మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టారు. ఒకరోజు కృష్ణవేణమ్మ దొడ్లో బట్టల బండ దగ్గర జారిపడింది. మణికట్టు విరిగింది. వంటింటి గడపలో నిలబడి ఉన్నాడు ఓబుళేశు.

"ఏమయ్యా, చెయ్యి పట్టుకో. లెయ్యలేకుండా ఉండా" అని పిలిచింది.

ఆయన వచ్చాడు. ఆమెను ఒక రాయిని చూసినట్టు చూశాడు. దాటుకుని పోయి, కొట్టంలో వేలాడుతున్న అరటిగెల దగ్గర నిలబడి పండు ఒలుచుకున్నాడు. అరుపు విని నేను పరుగెత్తేసరికి ఆమె బురదలో పడి ఉంది, ఆయన రెండో పండు తింటున్నాడు.

నేను లేవదీసి కూర్చోబెడితే ఆమె చెయ్యి చూసుకోలేదు. ఆయన్నే చూస్తూ, "ఈయప్పకు నా మీద ఏం పగ?" అంది.

వేరే ఆడమనిషి ఉందేమోనని అనుమానం వచ్చింది ఆమెకు. కట్టు కట్టిన చేత్తోనే బస్టాండుకు పోయి, ఆయనతో పనిచేసిన డ్రైవర్లను ఒక్కొక్కరినీ అడిగింది. "అట్లాంటి మనిషి కాదక్కా" అన్నారు అందరూ. ఆ జవాబు ఆమెకు ఇంకా కష్టంగా తోచింది. వేరే మనిషి ఉంటే ఒక కారణమన్నా దొరికేది.

వాళ్లకు ఒక్కతే కూతురు, సుప్రజ. కడపలో ఎమ్మెస్సీ చదివి బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో చేరింది. మెదడులో ఏ భాగంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో కనిపెట్టడం వాళ్ల పని. తల్లి చెయ్యి విరిగిందని వచ్చిన సుప్రజ రెండు రోజులు తండ్రిని కనిపెట్టి చూసింది. ఎప్పుడొచ్చావమ్మా అని ఆయన అడగలేదు. ఆమె తెచ్చిన మిఠాయి డబ్బా మాత్రం ఒక్క పూటలో ఖాళీ చేశాడు. మూడోరోజు తండ్రిని బెంగళూరు తీసుకుపోయి తలకు స్కానింగు తీయించింది. నుదురు వెనక ఉండే మెదడు ఎండిన నిమ్మకాయలాగా ముడుచుకుపోతోందని తేలింది. మతిమరుపు జబ్బుల్లోనే ఒక రకమట. జ్ఞాపకం కంటే ముందు మనసును తింటుందట.

తిరిగొచ్చాక సుప్రజ దొడ్లో తల్లి పక్కన కూర్చుని చెప్పిన మాటలు నేనూ విన్నాను.

"మా, మన చేన్లోకి కూలికి గిడ్డమ్మ గుంపు వస్తాది కదా. శనగ కొయ్యనీకి ఒక గుంపు, జొన్న కొయ్యనీకి ఇంకో గుంపు. తలకాయలో కూడా అట్లనే. యాడ ఏ కణం తీసుకున్యా లోపల జన్యువులన్నీ అవే. అన్నీ అన్ని చోట్లా పని చెయ్యవు. వెనకపక్క ఒక గుంపు కలిసి పని చేస్తాది, చూపుకు. ఈ పక్క ఇంకోటి, మాటకు. నుదుటి వెనక ఒక గుంపు ఉండాది. ఎదుటిమనిషికి నొప్పైతే మనకూ కలుక్కుమనేది దాని పనే. ప్రతి గుంపుకూ గిడ్డమ్మ మాదిరి ఒక పెద్ద ఉంటాది. గిడ్డమ్మ రాకపోతే మిగతావాళ్లు వస్తారా?"

"రారు. ఒక్కరూ రారు."

"నాయనకు ముందరిపక్క పెద్ద నిలిచిపోయింది. దాంతో గుంపంతా నిలిచిపోయింది. వెనకపక్కవి బాగనే ఉండాయి. అందుకే నంద్యాలనుంచి జమ్మలమడుగు దాకా స్టాపులన్నీ చెప్తాడు గాని, నీ చెయ్యి విరిగితే ఆయనకు తెలీదు."

కృష్ణవేణమ్మ కట్టు కట్టిన చెయ్యి చూసుకుంది. తర్వాత అడిగింది. "నన్ను దాటుకోని పోయింది?"

"నాయన కాదు మా. జబ్బు. నాయనైతే నిన్ను అట్ల ఇడిసిపెట్టి పోతాడా?"

ఆ ఒక్క మాటను కృష్ణవేణమ్మ కొంగుకు ముడేసుకుంది. ఆయన కాదు. ఏడేళ్లు ఆ మాట మీదనే బతికింది. ఆయన అన్నం పళ్లెం విసిరేసినా, మీద ఉమ్మినా, చుట్టాల ముందు "ఈమె ఎవరు, పొమ్మను" అన్నా ఆమె మొహం చిట్లించడం నేను చూడలేదు. స్నానం చేయించేది, గడ్డం గీసేది, దొడ్లో తిప్పేది. మాటలు తగ్గిపోయాక కూడా నంద్యాల అని ఆమె అందిస్తే గోస్పాడు అని ఆయన అందుకునేవాడు. ఇద్దరూ అట్లా కోయిలకుంట్ల దాటి, సంజామల, నొస్సం మీదుగా పోయేవాళ్లు. ఆమె పుట్టినూరు వచ్చినప్పుడు ఆయన ఒక్కోసారి చెయ్యి చాపేవాడు. అదొక్కటి చాలనేది ఆమె.

చివరి చలికాలంలో ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. సుప్రజ అంబులెన్సులో బెంగళూరుకు పిలిపించుకుంది. ఓబుళేశు తమ్ముడు వెంకటేశ్వర్లు నంద్యాలలో ఎరువుల వ్యాపారం చేస్తాడు, ఆయనా వెంట పోయాడు. వారం తిరక్కుండానే ఓబుళేశు ప్రాణం పోయింది. ఆస్పత్రిలో కృష్ణవేణమ్మను ఒక గదిలో కూర్చోబెట్టి, "కాగితాల పనులుంటాయి మా, ఆలస్యమైతాది" అని సుప్రజ బయటికి పోయింది. మధ్యాహ్నం తిరిగిన తర్వాత శవాన్ని అప్పగించారు. తలకు తెల్లగుడ్డ బిగించి కట్టి ఉంది, చెవులు కూడా కనబడకుండా.

"ఇదేంది?" అని అడిగితే, "ఈడ అట్లనే కడతారు మా. దవడ జారకుండా" అంది సుప్రజ.

ఇంటికొచ్చాక వాకిట్లో శవానికి స్నానం చేయించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. కృష్ణవేణమ్మ కుంకుడు రసం, నూనె సిద్ధం చేసుకుంది. ఏడేళ్లుగా ఆయనకు తలంటింది తనే కదా. గుడ్డ ముడి మీద చెయ్యి వెయ్యబోతుంటే సుప్రజ గట్టిగా పట్టుకుంది.

"తల తడపొద్దు మా. ఒద్దు."

"తల తడపకుండా స్నానమేంది పాపా?"

"ఆస్పత్రివాళ్లు చెప్పినారు. నెమ్ము జబ్బు కదా, అంటుకుంటాది."

వెంకటేశ్వర్లు కూడా "ఒద్దులే వదినా, పాప చెప్తాంది కదా" అన్నాడు. చదువుకున్న పిల్ల మాట. కృష్ణవేణమ్మ మెడ కిందికే నీళ్లు పోసింది. చేన్లో, గట్టు పక్కన మట్టి చేశారు. ఆ తర్వాత ఆమె ఆ విషయం చాలాసార్లు తలుచుకుంది. "తల తడపకుండా పంపిస్తిమి. ఆయనకు నూనె అంటే ఎంత ఇష్టమో" అని.

రెండేళ్లు గడిచాయి. కర్నూలులో ఏదో సదస్సు ఉందని సుప్రజ వచ్చింది. వెంట ఆమెతో పనిచేసే క్రాంతి కుమార్ అనే అబ్బాయి కూడా వచ్చాడు. అనంతపురం పక్క పిల్లవాడు, నెమ్మదస్తుడు. సదస్సు అయిపోయాక మహానందికి పోదామన్నారు, కృష్ణవేణమ్మను కారులో ఎక్కించుకుని పోయారు.

కోనేట్లో స్నానం చేసి సుప్రజ బట్టలు మార్చుకోవడానికి పోయింది. కృష్ణవేణమ్మ మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంది. కింద రాయి కనబడేంత తేట నీళ్లు. క్రాంతి వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు వానల గురించి మాట్లాడాడు. తర్వాత ఆమె కాళ్లకు దండం పెట్టాడు.

"శానా రోజులనుంచి మీకు చెప్పాలనుకుంటాండాను అమ్మా. సుప్రజ ముందర చెప్తే ఏడుస్తాదని ఊరుకున్న్యా. మీరు చేసిన దానం చిన్నది కాదు. అట్లాంటి ధైర్యం మా ఇండ్లల్లో ఎవరికీ రాదు."

"ఏం దానం నాయనా?" అంది ఆమె. ఆలయంలో అన్నదానానికి ఏమన్నా రాయించిందేమో కూతురు, అనుకుంది.

"అదే అమ్మా, సార్ మెదడు. భద్రంగా ఉండాది మా దగ్గర. సగం మందులో పెట్టినాము, సగం గడ్డకట్టించి భాగాలు చేసినాము. ముందరి భాగం, పక్క భాగం, వెనక భాగం, దేనికది. యాడ ఏ జన్యువులు నిలిచిపోయినాయో ఒక్కొక్కటే చదువుతాండాము. సార్ వల్లనే మాకు..."

ఆమె మొహం చూసి అతను ఆగిపోయాడు.

"తలకాయలోది తీసినారా?" అని అడిగింది కృష్ణవేణమ్మ. చాలా మెల్లగా అడిగింది. "ఆయన తలకాయ కోసినారా?"

క్రాంతి కంగారుగా లేచాడు. అప్పుడు సుప్రజ తడి జుట్టు విరబోసుకుని మెట్లు దిగి వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, ఏం జరిగిందో అర్థమై అక్కడే నిలబడిపోయింది.

"అందుకేనా గుడ్డ కట్టింది?" అంది తల్లి.

"మా..."

"అందుకేనా తల తడపనియ్యంది?"

"టైం లేకపాయ మా. ప్రాణం పోయినాక కొన్ని గంటలే. ఆలస్యమైతే లోపల జన్యువులు యాడ పనిచేసినాయో ఆ గుర్తులన్నీ చెరిగిపోతాయి. నువ్వు అప్పుడు ఉన్న స్థితిలో..."

"ఏడేండ్లు ఉండె కదా టైం. ఏడేండ్లలో ఒక్కరోజు అడగనీకి నోరు రాలేదా?"

"అడిగింటే ఒప్పుకుంటాంటివా?"

"ఒప్పుకుంటాంటినో లేదో ఇప్పుడు నాకూ తెలీదు. తెలుసుకోనీకి నువ్వు నాకు సందు ఇయ్యలేదు."

సుప్రజ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. తాను, చిన్నాయన కలిసి సంతకాలు పెట్టామంది. నాయన జబ్బు రేపు ఇంకెవరికీ రాకూడదని చేశానంది. తాను ఆ సంస్థలో రోజూ నాయన దగ్గర ఉన్నట్టే అనుకుంటున్నానంది. కృష్ణవేణమ్మ అన్నీ విని, చీర కుచ్చిళ్లు పిండుకుని లేచి నిలబడింది.

"మీ నాయన నన్ను దాటుకోని పోతే జబ్బు అంటివి. ఒప్పుకుంటి. నీకేం జబ్బు పాపా?"

దర్శనం చేసుకోకుండానే బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. కూతురు కారులో ఆ బస్సు వెనకే వచ్చిందట. తలుపు తియ్యలేదు.

మరుసటి రోజు వెంకటేశ్వర్లు నంద్యాలనుంచి వచ్చాడు. "పోయిన మనిషికి తల ఉంటేనేం, లేకపోతేనేం వదినా? మంచి పనికే కదా. నువ్వు ఏడుస్తావనే చెప్పలేదు" అన్నాడు.

"నా మొగునికి ఏడ్చే పని కూడా మీరే పంచుకుంటిరా?" అంది. మరిది మంచినీళ్లు కూడా తాగకుండా పోయాడు. అప్పటినుంచి ఆ ఇంటికి ఈ ఇంటికి రాకపోకలు లేవు.

ఆ శనగ కోతల్లో నేనూ చేన్లోకి పోయాను. గిడ్డమ్మ గుంపు పని చేస్తోంది. గిడ్డమ్మది ఆదోని పక్క పల్లె, మనువుతో ఇటు వచ్చింది. పాతికేళ్లుగా కృష్ణవేణమ్మ చేన్లో పని ఆమెదే. పొద్దు తిరిగాక ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. ఓబుళేశు సమాధి పక్కనే ఉంది. అంతకు ముందు చేన్లోకి వచ్చినప్పుడల్లా కృష్ణవేణమ్మ దాని మీద ఒక పువ్వో, ఆకో పెట్టేది. ఆ రోజు అటు వీపు పెట్టి కూర్చుంది.

"తలకాయలోది లేదని బాధ కాదు గిడ్డమ్మా" అంది. "ఎట్లన్నా మట్టిలో కలిసిపోయేదే. ఈ పిల్ల అబద్ధం చెప్పగలదని నాకు తెలీదు. గుడ్డ కట్టి, నా మొహంలో మొహం పెట్టి అంటుకుంటాదని చెప్పింది. ఆ నోటితోనే కదా 'నాయన కాదు, జబ్బు' అనింది? అదీ నన్ను ఊరుకోబెట్టనీకే చెప్పిందేమో. ఆయప్ప నిజంగానే నన్ను వద్దనుకున్న్యాడేమో. ఏడేండ్లు నేను దేన్ని నమ్ముకోని చేసినట్లు?"

గిడ్డమ్మ ఓదార్పు మాటలు చెప్పే మనిషి కాదు. కొడవలి పక్కన పెట్టి, "అయితే పోయి అడుగక్కా. కూతుర్ని అడగొద్దు. ఆడ ఇంకెవరన్నా ఉంటారు కదా, వాళ్లను అడుగు. నేనూ వస్తా" అంది.

కోతలు అయిపోగానే ఇద్దరూ బెంగళూరు బస్సెక్కారు. కృష్ణవేణమ్మ క్రాంతికి మాత్రమే ఫోను చేసింది. అతను బస్టాండుకు వచ్చి ఇద్దరినీ తీసుకుపోయాడు. జరిగిందంతా కృష్ణవేణమ్మ తర్వాత నాకు చెప్పింది. గిడ్డమ్మ మధ్యలో అందుకుంటూ వచ్చింది.

ఆ ప్రయోగశాలకు పెద్ద ఒక డాక్టరమ్మ. తెలుగు రాదు, కన్నడం మాట్లాడుతుంది. గిడ్డమ్మకు ఆదోని కన్నడం వచ్చు కాబట్టి మాట సాగింది. మీకు తెలియకుండా జరిగిందని మాకు తెలియదమ్మా, మిమ్మల్ని అడిగాననే మీ అమ్మాయి చెప్పింది, క్షమించండి అని ఆమె చేతులు జోడించింది. అంటే సుప్రజ అక్కడా అబద్ధమే చెప్పింది. కృష్ణవేణమ్మ, ఆయన మెదడులో చదివింది చూపించమంది.

తెర మీద మెదడు బొమ్మ చూపించారు. క్రాంతి తెలుగులో చెప్పుకొచ్చాడు. పచ్చరంగు చుక్కలు పనిచేస్తున్న జన్యువులు. వాటి మధ్య గీతలు అవి కలిసి పనిచేస్తాయనేదానికి గుర్తు. వెనక భాగంలో చుక్కలూ గీతలూ సాలెగూడులాగా దట్టంగా ఉన్నాయి. కదలికల భాగంలోనూ అంతే. నుదురు వెనక భాగం తీసేసరికి గీతలు తెగిపోయి, చుక్కలు బూడిదరంగులో ఎడంగా ఉన్నాయి. బాగున్న మనిషి మెదడుదీ పక్కన పెట్టి చూపించాడు. తేడా చదువు లేని కంటికి కూడా తెలుస్తోంది.

"ఇది నిజమేనా? మా పాప చెప్పమంటే చెప్తాండావా?" అని అడిగింది కృష్ణవేణమ్మ.

"నిజం అమ్మా. ఇది నేను చేసిన పని. సుప్రజ దీన్ని చెయ్యలేనని దూరంగా ఉండె."

"అయితే ఇది చెప్పు. నేను బండ దగ్గర పడినరోజు, ఆయన దాటుకోని పోయినరోజు, అప్పటికే ఇది ఇట్లుండెనా?"

క్రాంతి డాక్టరమ్మ వైపు చూశాడు. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. తర్వాత అతను తల వంచుకుని చెప్పాడు.

"చెప్పలేమమ్మా. ప్రాణం పోయినరోజు ఎట్లుండెనో అదే మాకు కనబడతాది. అన్ని ఏండ్ల ముందర ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఇందులో తెలీదు. అప్పటి స్కానింగును బట్టి చూస్తే జబ్బు మొదలైంది. అంతవరకే. ఆ రోజు ఆయన చేసింది జబ్బా, ఆయనా అని గీత గీసి చెప్పడం ఎవరికీ కాదు."

"మరి మా పాప గీత గీసినట్టు చెప్పిందే."

అతను తెర మీది బొమ్మను ఆపేశాడు.

అప్పుడే సుప్రజ లోపలికి వచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు. తలుపు దగ్గరే నిలబడింది. కృష్ణవేణమ్మ కూతుర్ని దగ్గరికి పిలిచి, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇప్పుడు అడుగు" అంది.

"ఏం మా?"

"అప్పుడు అడగాల్సింది. ఇప్పుడు అడుగు. అందరి ముందర అడుగు."

సుప్రజ రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. చివరికి, "నాయన మెదడు మా దగ్గర ఉంచుకోమంటావా మా?" అంది.

"ఒద్దు. ఇచ్చెయ్యండి."

సుప్రజ ఆ జవాబు ఊహించలేదు. అడిగితే అమ్మ కరిగిపోతుందని, సరే అంటుందని అనుకున్నట్టుంది. గిడ్డమ్మ కూడా అట్లానే అనుకుందట. "నాకూ గుండె జల్లుమనింది. పంతం మాట కాదక్కా అది, బాగా నిలిపి చెప్పింది" అంది నాతో.

ఇవ్వాల్సిందేనని డాక్టరమ్మ ఒప్పుకుంది. గడ్డకట్టించిన సగంలో చాలా భాగం పరీక్షల్లో అయిపోయింది. మందులో ఉంచిన సగం అట్లాగే ఉంది. అనుమతులు తీసుకుని పంపుతామన్నారు. కృష్ణవేణమ్మ, "అయిపోయిన దాంట్లో మీరు చదివింది ఉంచుకోండి. అది నేను ఎత్తుకోనిపోయినా నాకు పనికి రాదు" అని లేచింది. బయటికి వచ్చేటప్పుడు సుప్రజ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

వేసవి మొదట్లో సుప్రజ దాన్ని తనే కారులో తెచ్చింది. తెల్లటి డబ్బా, చిన్నది. మరిదికి కబురు పెట్టలేదు. కృష్ణవేణమ్మ, సుప్రజ, నేను, గిడ్డమ్మ చేన్లోకి పోయాం. సమాధి తల పక్కన గిడ్డమ్మ గుంత తీసింది. మందు వాసన ఘాటుగా కొట్టింది. డబ్బా తెరవనా అని సుప్రజ అడిగితే వద్దంది తల్లి. గుంతలో పెట్టి, ఇంటినుంచి తెచ్చిన ఆముదం కాస్త పోసి, తనే మట్టి కప్పింది. సుప్రజ కూడా పిడికెడు మట్టి వేసింది. ఎండ మండిపోతోంది. ఇంటికొచ్చి కృష్ణవేణమ్మ అన్నం వండింది, కూతురికి వడ్డించింది. ఇద్దరూ శనగ ధర గురించి, బెంగళూరు నీళ్ల కరువు గురించి మాట్లాడుకున్నారు. సాయంత్రం సుప్రజ వెళ్లిపోయింది.

ఆ పిల్ల మీద నాకూ జాలి ఉంది. తండ్రి అంటే ప్రాణం పెట్టిన పిల్లే. తల్లిని ఏడిపించకూడదని ఒక అబద్ధం చెప్పి, దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి చెప్పింది. ఈ మాట నేను ఒకసారి కృష్ణవేణమ్మతో అన్నాను.

"నాకూ తెలుసు. ప్రేమ లేదని నేను అనలేదు" అంది. "ఆయన ఇచ్చిన దెబ్బకు ఒక మందు ఇచ్చింది నా కూతురు. ఏడేండ్లు తాగితి. సీసాలో ఉండేది మందో, వట్టి నీళ్లో ఇప్పుడు నాకు తెలీదు. ఎవరినడిగినా చెప్పలేమంటాండారు."

సమాధి దగ్గర మళ్లీ పువ్వు పెడుతోంది. కొన్నిసార్లు పెట్టదు. ఆ రోజుల్లో ఏం గుర్తొచ్చిందని నేను అడగను.

పోయిన నెల ఆమెకు కంటి శుక్లం ఆపరేషన్ నంద్యాలలో జరిగింది. దగ్గరి మనిషి పేరు చెప్పమని నర్సమ్మ అడిగితే గిడ్డమ్మ పేరు చెప్పింది. కూతురు ఉంది కదమ్మా అని నర్సమ్మ అంటే, "ఉండాది. ఈ పనికి ఈమె చాలు" అంది. సుప్రజకు నాలుగు రోజుల తర్వాత ఎవరి ద్వారానో తెలిసింది. ఫోను చేసి, నాకెందుకు చెప్పలేదని, నేను నీకు ఏమీ కానా అని బాగా ఏడ్చింది. ఫోను స్పీకరులో ఉంది, నేను కంట్లో చుక్కలు వేస్తున్నాను.

కృష్ణవేణమ్మ మొత్తం విన్నది. మధ్యలో ఆపలేదు. ఆ పక్క ఏడుపు తగ్గాక, "కన్ను బాగనే కనపడతాంది పాపా. నువ్వు పనికి పో, ఆలస్యమైతాది" అని ఫోను నా చేతికిచ్చింది.